ఆకుపచ్చ టిక్కు, పసుపు బస్తా

మా మామకు చెవులు సరిగా వినపడడం లేదన్న సంగతి ఇంట్లో అందరికంటే ఆలస్యంగా తెలిసింది మామకే. ఆయన లెక్క ప్రకారం ఆయన చెవులు బాగానే ఉన్నాయి, ఈమధ్య జనమే గొంతులో బలం లేకుండా మాట్లాడుతున్నారు.

మామ అంటే మా అమ్మకు అన్న. ఉస్మాన్‌గంజ్‌లో ఆయనది పసుపు, ఎండుమిర్చి, చింతపండు అమ్మే హోల్‌సేల్ దుకాణం. ట్రాలీ ఆటోల హారన్లు, హమాలీల కేకలు, ఎదురెదురు దుకాణాలవాళ్ళు ఒకరినొకరు ప్రేమగా తిట్టుకునే తిట్లు కలిసి ఆ సందులో పొద్దుటినుంచి పెళ్ళి బ్యాండులా మోగుతుంటాయి. అలాంటిచోట చెవుడు రావడం పెద్ద నష్టమేమీ కాదని, కొంతవరకు విశ్రాంతేనని నేను అనుకునేవాణ్ణి. చిక్కల్లా ఫోనుతో వచ్చింది.

సైదాబాద్, కార్వాన్ వైపు కిరాణా దుకాణాలవాళ్ళు పొద్దున్నే ఫోను చేసి ఏ సరుకు ఎంత కావాలో చెబుతారు. వినపడినదాన్ని మామ రాసుకుంటాడు. వినపడనిదానికి "సరే" అంటాడు. ఆ "సరే"లో ఎంత నమ్మకం పలుకుతుందంటే, అవతలివాళ్ళు నిశ్చింతగా ఫోను పెట్టేసి సరుకు కోసం ఎదురుచూస్తారు. సరుకు రాదు. మళ్ళీ ఫోను చేస్తారు. మామ మళ్ళీ "సరే" అంటాడు.

ఈ సంగతిని అందరికంటే ముందు కనిపెట్టినవాడు మామ బామ్మర్ది, అంటే మా అత్త తమ్ముడు. దుకాణంలో భాగస్తుడు కూడా. మామ ఆరోగ్యం గురించి ఆయనకున్నంత శ్రద్ధ మా అత్తకు కూడా లేదు. ఫోను మోగినప్పుడల్లా ఆ శ్రద్ధ చేతుల్లోకి వచ్చేది.

"ఫోను గిటియ్యి బావా. నీకెందుకు తక్లీఫ్? నేను చూస్త గద."

మామకు ఇలాంటి మాటలు మాత్రం చాలా స్పష్టంగా వినపడతాయి.

"ఫోను నా చేతిల ఉంటే నీ చేతులేమన్న గుంజుతున్నయా, బామ్మర్ది?"

బయటివాళ్ళకు ఇది బావా బామ్మర్దుల సరసంలా కనపడుతుంది. మా వ్యాపారంలో మాత్రం ఆర్డరు ఎవరు తీసుకుంటే గద్దె వాళ్ళది. గద్దె అంటే సింహాసనమేమీ కాదు, తెల్ల దుప్పటి పరిచిన ఒక పరుపు, ఆనుకోవడానికి ఒక దిండు. అయినా దాని మీద కూర్చున్నవాణ్ణి "సేటు" అంటారు, దిగినవాణ్ణి "పెద్దాయన" అంటారు. ఈ రెండు మాటల మధ్య దూరం మామకు బాగా తెలుసు. ఫోను ఇవాళ చేతులు మారితే, ఇంకొన్నాళ్ళకు గద్దె మారుతుంది. ఆ తర్వాత ఆయన సైదాబాద్ ఇంట్లో కూర్చుని, బీరకాయలు సన్నగా తరగలేదని అత్త చేత మాటలు పడాలి. మామ భయమల్లా అదే. నా భయం కూడా అదే, ఎందుకంటే ఆయన ఇంట్లో కూర్చుంటే పక్కింట్లో ఉండేది నేను.

నేను చేసేది వెబ్‌సైట్లు కట్టే ఉద్యోగం. ఆఫీసు ఊరికి అవతలి చివర ఉంటుంది. మా చుట్టాల్లో నా ఉద్యోగాన్ని "కంప్యూటర్ల ఫారాలు నింపిస్తడు" అని పరిచయం చేస్తారు. అవమానంగా ఉంటుంది గానీ తప్పు మాత్రం కాదు. ఇంటర్నెట్టులో సగం భాగం గళ్ళే. మిగతా సగం ఆ గళ్ళు సరిగా నింపలేదని తిట్టే ఎర్ర అక్షరాలు.

మామకు వినపడదు గానీ చదువు వస్తుంది, కళ్ళజోడు కూడా కొత్తది. ఆర్డర్లు రాతలో వస్తే చెవులతో పని లేదు. ఒక చిన్న సైటు, అందులో ఒక ఫారం. గిరాకీ, అంటే కొనేవాడి పేరు, నంబరు, ఏ సరుకు, ఎన్ని బస్తాలు. అది వచ్చి మామ ముందు పడుతుంది, ఫోను మామ చేతిలోనే ఉంటుంది. ఇంత తేలికైన ఉపాయం తట్టినప్పుడే నాకు అనుమానం రావలసింది.

ఆఫీసులో నా పక్క సీట్లో ఒకతను ఉంటాడు. మా టీముకు పెద్ద. ఏ సమస్య చెప్పినా దానికి ఒక ఫ్రేమ్‌వర్క్ పేరు చెప్పగలడు. ఫ్రేమ్‌వర్క్ అంటే ముందే కట్టి పెట్టిన చట్రం లాంటి సాఫ్ట్‌వేర్. దానికి మనం ఏమేం దాచుకోవాలో ఒక పట్టికగా, అంటే టేబుల్‌గా, చెబితే చాలు, మిగతాది అదే కట్టుకుంటుంది.

"టేబుల్ ఒక్కటి రాసివ్వు," అన్నాడు. "ఫారం అదే తయారుచేస్తుంది. వ్యాలిడేషన్ కూడా అదే చేస్తుంది. నింపింది సరిగా ఉందా లేదా అని నువ్వు చూడక్కర్లేదు. అంతా ఫ్రీ."

వ్యాపారుల ఇంట్లో పుట్టినవాళ్ళ దగ్గర ఆ మాట అనకూడదు. ఎవరైనా "ఫ్రీ" అంటే మేం ముందు కాంటా కింద చెయ్యి పెట్టి చూస్తాం.

"ఏ రూల్ పెట్టిందో నాకెలా తెలుస్తుంది?"

"తెలిసి ఏం చేస్తావ్? లోకమంతా వాడుతోంది."

"లోకం ఎప్పుడైనా ఉస్మాన్‌గంజ్‌లో సరుకు కొన్నదా?"

"సరే, చేత్తోనే రాసుకో. చేత్తో రాసిన చెకింగ్ అంటే ఇంటి వెనక తలుపు బాసూ. రాసినవాడు గడియ పెట్టానంటాడు. నిజంగా పెట్టాడో లేదో దొంగకే తెలుస్తుంది."

అతను అన్నది నిజమే. దుర్బుద్ధితో వచ్చేవాళ్ళు గళ్ళల్లో ఏమేం కుక్కుతారో ఆ చట్రాలు కట్టినవాళ్ళకు తెలిసినంత నాకు తెలియదు. అందుకని ఫ్రేమ్‌వర్కునే వాడాను. కాకపోతే అది తయారుచేసిన ప్రతి రూలునూ, కొత్త కోడలి సూట్‌కేసు విప్పి చూసే అత్తగారిలా బయటికి తీసి చూశాను. పేరు ఖాళీగా ఉండకూడదు. నంబరు పది అంకెలుండాలి. సరుకు ఈ జాబితాలోదే అయ్యుండాలి. బస్తాల సంఖ్య ఒకటికి తగ్గకూడదు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. వంకలేని సంబంధమంటే మా ఇళ్ళల్లో ఇంకో రెండుచోట్ల విచారిస్తారు. నేను విచారించలేదు.

ఒక ఆదివారం పొద్దున లాప్‌టాప్ తీసుకెళ్ళి గద్దె మీద పెట్టాను. మామ కళ్ళజోడు తుడుచుకుని ముందుకు వంగాడు. బామ్మర్ది మిర్చి బస్తాలకు ఆనుకుని, సినిమా చూడడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"గీ ఎర్ర చుక్కలేంది రా?" అన్నాడు మామ.

ఆయనతో మాట్లాడాలంటే నేను చెవి దగ్గర అరవాలి. అరిచాను. "గవి తప్పకుంట నింపాలె మామా. లేకుంటే ముంగటికి పోనియ్యది."

"ఎవరు పోనియ్యరు? నువ్వా?"

"నేను గాదు. ఫ్రేమ్‌వర్క్."

"గాయన మన గంజ్‌ల ఎన్నడన్న కూసున్నడా?"

"లేదు మామా."

"మరి వచ్చిన గిరాకిని దర్వాజల నిలవెట్టి పేరు చెప్పు, నంబర్ చెప్పు అననీకి ఆయనెవరు? కార్వాన్ సేటు ముప్పై ఏండ్ల సంది వస్తున్నడు. ఒక్కనాడన్న పేరు అడిగిన్నా?"

"అడగలే. అందుకే ఆయన పేరు నీకు ఎరుకలేదు," అన్నాడు బామ్మర్ది.

అది నిజమే. ఆయన కార్వాన్‌లో కిరాణా దుకాణం నడిపే ఆసామి, అందరికీ కార్వాన్ సేటే.

మామ మిగతా గళ్ళు ఒక్క వేలితో నింపుకుంటూ వచ్చి, బస్తాల గడి దగ్గర ఆగకుండా "లాభం" అని కొట్టాడు. మా దగ్గర సరుకు లెక్కపెట్టేటప్పుడు మొదటి బస్తాను "ఒకటి" అనరు. లాభం, రెండు, మూడు అని ఎంచుతారు. చిన్నప్పుడు బడిలో ఒంట్లు చెప్పమంటే నేను కూడా అలాగే మొదలుపెట్టేవాణ్ణని అమ్మ చెబుతుంది. తెర మీద వెంటనే ఎర్ర అక్షరాలు వచ్చాయి: "దయచేసి సరైన సంఖ్యను నమోదు చేయండి."

"లాభం వద్దంటున్నది రా ఇది," అన్నాడు మామ, మొదటిసారి నిజంగా కంగారుపడి.

"లెక్కలు రాసెతందుకు మస్తు మునీమును తెచ్చిండు బావా నీ అల్లుడు," అన్నాడు బామ్మర్ది.

నేను చెరిపి, అంకె వేశాను. గడి పక్కన ఆకుపచ్చ టిక్కు వెలిగింది. మామ ఆ టిక్కును, రంగు కలిపిన పసుపును చూసినట్టు చూశాడు. అయినా కానిమ్మన్నాడు. ఫోను చేజారిపోతుందన్న భయం, టిక్కు మీద అనుమానం కన్నా పెద్దది.

శుక్రవారం రాహుకాలం వెళ్ళాక సైటుకు ప్రారంభోత్సవమని నిర్ణయమైంది. మామ లాప్‌టాప్‌కు బొట్టు పెట్టాడు, సరిగ్గా కెమెరా మీద. ఆ మధ్యాహ్నం ఆఫీసు మీటింగులో నేను ఎర్రటి సంధ్యాకాశం వెనక నుంచి మాట్లాడాల్సి వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు, మర్యాదస్తులు. చుట్టాలకు, గిరాకీలకు వాట్సాప్‌లో సైటు లింకు వెళ్ళింది. కింద మామ చెప్పిన వాక్యం: "మీ అందరి ఆశీస్సులు కావాలె."

వెబ్‌సైటును ఎలా ఆశీర్వదిస్తారు? అక్షింతలు వేయడానికి చోటు లేదు. కాబట్టి అందరూ తెలిసిన పద్ధతిలోనే ఆశీర్వదించారు. బోణీ చేశారు.

మా సందులో కొత్త అంగడి తెరిస్తే బోణీకి ఒక తీరు ఉంది. తెలిసినవాళ్ళు వచ్చి, వీధంతా వినపడేలా "సేటూ, ఒక బస్తా పసుపు రాస్కో!" అంటారు. సేటు అంతకంటే గట్టిగా "రాసిన!" అని, పిడికెడు పసుపు కాగితంలో పొట్లం కట్టి చేతిలో పెడతాడు. వచ్చినవాళ్ళు దాన్ని కళ్ళకద్దుకుని వెళ్ళిపోతారు. బస్తా కదలదు. బస్తా నోటికి, పిడికెడు చేతికి. ఈ తేడా ఎవరూ ఎవరికీ విడమర్చి చెప్పరు, చెబితే శుభం చెడిపోతుందని. పుచ్చుకున్న బోణీని వాపసు ఇవ్వడం మాత్రం ఘోరం. అది అంగడి మూతపడాలని కోరుకోవడమే.

లింకు వెళ్ళిన కాసేపటికే లాప్‌టాప్ టింగుటింగుమనడం మొదలుపెట్టింది. సైదాబాద్‌లో జిరాక్స్ దుకాణం నడిపే మా పెద్దమ్మ కొడుకు, ఒక బస్తా పసుపు. గుడిలో అత్తకు పరిచయమైన ఒక రిటైర్డ్ టీచరమ్మ, ఒక బస్తా పసుపు. కార్వాన్ సేటు, ఒక బస్తా పసుపు. అందరికీ పేర్లున్నాయి, అందరికీ పది అంకెలున్నాయి, అన్నిటి పక్కన టిక్కులున్నాయి. మామ ఒక్కొక్కటి పైకి చదివి, తెరకు దండం పెట్టుకున్నాడు. నాకూ సంతోషమేసింది. ఫ్రేమ్‌వర్క్ ఎవరినీ గుమ్మంలో ఆపలేదు. అత్త పరమాన్నం చేసిందని మామ ఇంటికి భోజనానికి వెళ్ళాడు. నేను లాప్‌టాప్ తీసుకుని ఆఫీసుకు వెళ్ళాను. దుకాణంలో మిగిలింది బామ్మర్ది ఒక్కడే. భాగస్తుడు గనక ఆర్డర్లు ఆయన ఫోనులో కూడా కనపడతాయి.

సాయంత్రం నేనింకా ఆఫీసులో ఉండగానే జిరాక్స్ అన్న ఫోను.

"తమ్మీ, నేనేం పని చేస్తనో నీకు ఎరికేనా?"

"ఎరికే అన్నా. జిరాక్స్."

"మరి నా మిషిన్ ముంగట పసుపు బస్తా ఎందుకున్నది?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. రెండో క్షణంలో అర్థమై, కాకపోతే బాగుండుననిపించింది.

"ఎవరు తెచ్చిన్రు అన్నా?"

"ట్రాలీ ఆటోల వచ్చింది. దించి పోయిండు. అంగట్లకు నేనే అడ్డం తిరిగి పోవుడైతున్నది. రేషన్ కార్డు జిరాక్స్ తీసిస్తే ఒకాయన వాసన చూసి, పెండ్లి ఎప్పుడన్నడు."

"వాపస్ పంపియ్యన్నా."

"బోణీ వాపస్ పంపమంటవా? నా చేతులతోని? మామకు ఫోన్ చేసిన. 'సరే సరే, శుభం' అన్నడు. ఇగ ఆయన శుభమంటే నేనేమనాలె?"

టీచరమ్మ ఇంట్లో బస్తా పూజగదికి పట్టక వంటింట్లో పెట్టారని అత్త ద్వారా తెలిసింది. ఆమె కూడా మామకు ఫోను చేసిందట. మామ ఆమెకు కూడా "సరే, శుభం" అన్నాడట. మొత్తానికి, బోణీ చేసిన ప్రతి ఇంటికీ ఒక బస్తా చేరింది, ప్రతి ఇంటికీ దానితో పాటు మామ అంగీకారం కూడా చేరింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకు సెలవు చెప్పి గంజ్‌కు వెళ్ళాను. అప్పటికే కార్వాన్ సేటు స్కూటరు దుకాణం ముందు అడ్డంగా నిలబడి ఉంది. ఆయన లోపల నిలువుగా నిలబడి ఉన్నాడు.

"క్యా సేటు, మజాక్ చేస్తున్నవా? నాలుగు మంచి మాటలు నోటినిండ అంటే, నలుగురు మోసే బస్తా దించి పోతవా? మా అంగట్ల మస్తు పసుపు ఉన్నది. ఇంట్ల మా ఆమె ఎవరి పెండ్లి అనడుగుతున్నది. ఏం చెప్పాలె?"

మామ ఆయన ముఖంలోకి చూస్తూ ఆప్యాయంగా నవ్వుతున్నాడు. "శుభం సేటు, శుభం."

"శుభమా!"

నేను నా ఫోనులో పెద్ద అక్షరాలతో జరిగింది రాసి మామకు చూపించాను. ఆయన చదివాడు. నవ్వు ముఖం మీద అలాగే కాసేపు ఉండి, ఎక్కడికి పోవాలో తెలియనట్టు మెల్లగా పోయింది. బామ్మర్ది వైపు తిరిగాడు.

"బస్తాలు పంపినవా?"

"పంపిన బావా." ఈసారి బామ్మర్ది గట్టిగానే మాట్లాడాడు. "ఆర్డర్లు వచ్చినయి గద."

"బోణీ అని నీకు ఎరుక లేదా?"

"నాకేమెరుక? అడిగేది నేనా? సైటు అడిగింది. పేరడిగింది, నంబరడిగింది, ఎన్ని బస్తాలని అడిగింది. అన్నిటికి టిక్కు వెట్టింది. కొడుకా, జర కింద ఏం రాసున్నదో సదువు. నీ సైటే గద."

ఆయన చాపిన ఫోనులో చదివాను. "మీ ఆర్డర్ విజయవంతంగా ధ్రువీకరించబడింది." నేను రాసిన వాక్యం కాదు. అన్ని గళ్ళూ నిండితే ఫ్రేమ్‌వర్క్ తనంతట తాను చెప్పే మాట.

బామ్మర్ది ఆ సందులోనే పెరిగాడు. ఎన్ని అంగళ్ళ బోణీ పసుపు ఆయన చేతుల మీదుగా పోయిందో ఆయనకే తెలియదు. నిద్రలో లేపి అడిగినా బోణీ ఏదో, బేరం ఏదో చెప్పగలడు. కావాలనే పంపాడని నా అనుమానం. అనుమానమే, రుజువు లేదు, ఉండడానికి వీల్లేదు కూడా. పాతరోజుల్లో అయితే, బోణీ బస్తా ఇంటికి పంపినవాణ్ణి "నీకు బుద్ధి లేదా" అని సందంతా నిలదీసేది. ఇప్పుడు ఎవరూ ఏమీ అడగలేరు. ప్రతి బస్తాకూ సరైన ఆర్డరు ఉంది. పేరు సరైనది, నంబరు సరైనది, సంఖ్య సరైనది. ఒక్కటి కూడా నిజం కాదు. ఆకుపచ్చ టిక్కు వెనకాల ఒక మనిషి హాయిగా దాక్కోవచ్చని, మా ఆఫీసులో ఎన్ని సమీక్షలు జరిగినా బయటపడని లోపాన్ని, ఆయన ఒక్క మధ్యాహ్నంలో కనిపెట్టాడు. కోపం పక్కన పెడితే, మంచి టెస్టరు.

ఆయన అక్కడితో ఆగలేదు. మిర్చి బస్తాల వైపు తిరిగి, మామకు అందని గొంతుతో, నాకూ కార్వాన్ సేటుకూ చెబుతున్నట్టుగా అన్నాడు: "ఇగ చూడున్రి. ఫోనుల బావకు వినొస్తలేదు. సైటుకు తెలివి లేదు. సోమవారం సంది ఫోను నా తాన పెడ్త, గద్దె మీద నేను కూసుంట. బావ ఇంట్ల ఉంటడు, మా అక్కకు తోడు."

కార్వాన్ సేటు నన్ను చూశాడు. నేను ఆ మాటలు కూడా ఫోనులో కొట్టి మామకు చూపించాను. ఒక్క అక్షరం మార్చలేదు.

మామ చాలాసేపు చదివాడు. కింద ఇంకేమైనా ఉందేమోనని వేలితో పైకి జరిపి చూశాడు. ఏమీ లేదు. అప్పుడు కార్వాన్ సేటు వైపు తిరిగి, ఆయన పెదవుల మీదే కళ్ళు పెట్టి అడిగాడు.

"సేటు, నీకు పసుపు పంపాలెనా, వద్దా?"

"వద్దు," అన్నాడు సేటు, చెయ్యి కూడా అడ్డంగా ఊపి.

"గంతే. గీ ఒక్క మాట అడిగితే అయిపోవు. ఎవ్వరడగలే. పేరడిగిన్రు, నంబరడిగిన్రు, కావాల్నా అని అడిగినోడు ఒక్కడు లేడు. గా ఫ్రేమ్‌వర్క్ అడగలే. నువ్వడగలే." చివరి మాట బామ్మర్దికి. "ఇగ నేనడుగుత."

తన ఫోను తీసుకుని, ఒక్క వేలితో, బస్తా అప్పటికే చేరినా సరే, ఆర్డర్లలో ఉన్న ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో ఒకే మాట పంపడం మొదలుపెట్టాడు: "పంపాలా?"

"ఇట్ల ఒక్కొక్కల్లను అడుగుకుంట కూసుంటే పొద్దుగూకుతది బావా," అన్నాడు బామ్మర్ది, ఆయన ముఖానికి ఎదురుగా వచ్చి.

"గూకనియ్యి. గద్దె మీద కూసునేది ఇంకెందుకు?"

మాటలతో ఇది తేలేది కాదు. బావా బామ్మర్దులిద్దరూ సాయంత్రం దాకా వాదించుకోగలరు, అందులో ఒకరికి వినపడదు కూడా. తేల్చింది కార్వాన్ సేటు. స్కూటరు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, "నాకైతే అడిగేటోడే కావాలె భాయ్. ఇంకో బస్తా దించుకునే జాగ మా అంగట్ల లేదు," అన్నాడు. అని ఊరుకోకుండా తన ఫోను తీసి, మామ పంపిన "పంపాలా?" కింద "మిర్చి రెండు పంపు, పసుపు ఇంక వద్దు" అని అక్కడే నిలబడి జవాబు కొట్టాడు. మామ చదివి నవ్వాడు. ఈసారి నవ్వు సరైన కారణానికి వచ్చింది. గిరాకీ ఎటుంటే గద్దె అటే. బామ్మర్ది మిర్చి బస్తాలు తీయించడానికి గోదాములోకి వెళ్ళాడు.

పంపిన పసుపు సంగతి మిగిలింది. బోణీ వాపసు తీసుకోకూడదు. కానీ కొనుక్కోవచ్చు. మామ ఇంటింటికీ వెళ్ళి, పిడికెడు వాళ్ళ దగ్గర ఉంచి, మిగతా బస్తాను, వాళ్ళు బాకీపడ్డ ధరకే, వాళ్ళ దగ్గర కొనుక్కున్నాడు. జిరాక్స్ అన్న ఆ ఒక్కరోజూ సైదాబాద్‌లో పసుపు హోల్‌సేల్ వ్యాపారి. బిల్లు కూడా ఇచ్చాడు, దానికి రెండు జిరాక్సులు జతచేసి.

నేను ఫారం సరిచేయడానికి కూర్చున్నాను. బుద్ధిమంతుడిలా ఒక ఉపాయం చెప్పాను: ఇంకో గడి పెడదాం, అందులో "సరుకు కోసమా, శుభం కోసమా" అని అడుగుదాం.

"గట్ల అడిగితే 'శుభం వద్దు' అని ఎవడన్న రాస్తడా?" అన్నాడు మామ. "శుభానికి వచ్చినోన్ని శుభానికి వచ్చినవా అని అడిగితే, ఇగ అండ్ల శుభమేమున్నది?"

గడిగా మార్చలేని ప్రశ్నలు కొన్ని ఉంటాయని మా చదువులో ఎక్కడా చెప్పలేదు. చెప్పి ఉంటే చాలా కోర్సులు మూతపడేవి. ఫ్రేమ్‌వర్కు కట్టిన గళ్ళను అలాగే ఉంచి, నేను చేత్తో రెండే మార్చాను. బస్తాల గడిలో "లాభం" అని రాస్తే ఒకటిగా తీసుకుంటుంది. చివర "విజయవంతంగా ధ్రువీకరించబడింది" అనే మాట తీసేశాను. దాని బదులు ఏం రాయాలని మామను అడిగితే, "అందింది, ఇంకా నమ్మలే అని రాయి" అన్నాడు. బేరమాడి, "మీ మాట అందింది. అడిగి పంపుతాం" దగ్గర తెగ్గొట్టాను.

ఆఫీసులో నా పక్క సీటతనికి ఇదంతా చెప్పాను. చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"అంటే ఫ్రేమ్‌వర్క్ తప్పు చేయలేదు కదా?"

"చేయలేదు. అదే నా బాధ."

"ఒక్కొక్కరినీ మనిషి అడగాలంటే ఇది స్కేల్ అవ్వదు బాసూ. పెరగదు."

"మామకు పెరగాలని లేదు. కూర్చోవాలని ఉంది."

అతను ఒప్పుకోలేదు, నేనూ పూర్తిగా వాదించలేదు. ఆ చట్రాల మీద ఆధారపడాలా వద్దా అని ఎవరైనా నన్ను అడిగితే, ఆధారపడమనే చెబుతాను. గుడి గుమ్మంలో చెప్పులు విప్పారో లేదో చూసే మనిషి మీద ఎంత ఆధారపడతామో అంత. ఆయన తన పని చాలా బాగా చేస్తాడు. లోపలికి ఎందుకొచ్చావని ఆయన అడగడు, అడిగినట్టు ఆయన తరఫున ఎవరైనా చీటీ రాసిస్తే దాన్ని నమ్మకూడదు. ముఖ్యంగా ఆ చీటీ ఆకుపచ్చ రంగులో ఉంటే.

బామ్మర్ది ఆ తర్వాత ఫోను మాట ఎత్తలేదు. అలా ఎత్తకపోవడమే నాకు నచ్చలేదు. కొన్ని వారాల తర్వాత ఒకరోజు నేను దుకాణంలో ఉండగా లాప్‌టాప్ టింగుమంది. చింతపండు, చాలా బస్తాలు. పేరు బామ్మర్దిది, నంబరు బామ్మర్దిది. ఆయన గద్దెకు ఆ చివర, మామకు చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఫోనులోకి చూస్తూ అమాయకంగా కూర్చుని ఉన్నాడు. బావ నిజంగా అందరినీ అడుగుతున్నాడో, పైకి అడుగుతున్నట్టు నటిస్తున్నాడో తేల్చుకోవాలనుకున్నట్టున్నాడు.

మామ ఆర్డరు చదివాడు. తల ఎత్తలేదు. ఒక్క వేలితో కొట్టాడు. గద్దె ఆ చివర ఫోను మోగింది. "పంపాలా?"

"ఇక్కన్నే ఉన్న గద బావా," అన్నాడు బామ్మర్ది. "నోటితోని అడుగు."

మామ సందులోకి చూస్తూ కూర్చున్నాడు. వినపడిందో లేదో నేను చెప్పలేను. ఆ విషయంలో మామను నేను ఇప్పటికీ పూర్తిగా నమ్మను. ఒక ట్రాలీ వచ్చింది, సగం సరుకు ఎక్కించుకుంది. బామ్మర్ది ఒకసారి నా వైపు, ఒకసారి బావ వైపు చూసి, చివరికి బొటనవేలితో కొట్టి పంపాడు.

"వద్దు బావా."

మామ కళ్ళజోడు సర్దుకుని చదివి, ఆ ఆర్డరు కొట్టేసి, తర్వాతి గిరాకీని అడగడం మొదలుపెట్టాడు.